బ్లాక్ తీసుకున్న రోజులు

పొద్దున్నే ఫోన్ చేసి "అమ్మా, ఒకసారి వస్తావా" అంది మా అమ్మాయి శైలజ. ఎందుకని నేను అడిగేలోపే పెట్టేసింది. కారణం చెప్పకుండా ఫోన్ పెట్టేసే అలవాటు దానికి వాళ్ళ నాన్న నుంచి వచ్చింది, అందులో నా పాత్ర ఏమీ లేదు. సంత్రాగాఛి నుంచి న్యూ టౌన్ వెళ్ళాలంటే హుగ్లీ నది దాటాలి, ఊరంతా దాటాలి, ఇక ఊరు అయిపోయిందిలే అనుకున్నాక కూడా ఇంకా పోతూనే ఉండాలి. క్యాబ్ డ్రైవరు దారి పొడుగునా తన అల్లుడి ఘనకార్యాలు చెబుతూనే ఉన్నాడు. నేను "హ్యా దాదా, ఠీక్ దాదా" అంటూ వినక తప్పలేదు. ఎప్పుడూ చూడని ఆ అల్లుడి మీద నాకు ఇప్పటికీ కోపంగానే ఉంది.

వాళ్ళుండేది పదకొండో అంతస్తులో. తలుపు తోసుకుని లోపలికి వెళ్ళేసరికి వంటింట్లో మిక్సీ గర్రుమని తిరుగుతోంది. కొబ్బరి పచ్చడి చేస్తోంది కాబోలు, మంచివేళే వచ్చానని సంతోషపడుతూ వెళ్ళి చూస్తే జారులో ఏమీ లేదు. ఖాళీ మిక్సీ తిప్పుకుంటూ, ఆ చప్పుడు చాటున నిలబడి ఏడుస్తోంది నా కూతురు. ముందుగదిలో భోజనాల బల్ల కింద, కుర్చీల కాళ్ళ మధ్య, మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంది మనుమరాలు రిమి. చుట్టూ నేలంతా రంగు పెన్సిళ్ళు, చింపి పోసిన కాగితాలు. "దిదా, నువ్వు కూడా ఫ్రాక్షన్స్ అన్నావంటే నేను ఎప్పటికీ బయటికి రాను" అంది నన్ను చూసీ చూడగానే. అమ్మమ్మ అనమని ఎన్నిసార్లు నేర్పినా బెంగాలీ పిల్లల్లాగా దిదా అనే అంటుంది. ఇక్కడ పుట్టిన పిల్ల, నేనూ ఆ యుద్ధం ఎప్పుడో మానేశాను.

రిమి బడికి వెళ్ళడం మానేసి ఏడాది కావస్తోంది. బడి ఉన్న ప్రతి రోజూ పొద్దున్నే కడుపునొప్పి, ఆదివారం మాత్రం ఏ నొప్పీ లేదు. డాక్టర్లందరూ చూశారు, చివరికి ఒకాయన కడుపులో ఏమీ లేదు, పిల్లకి ఆ క్లాసు గోల పడటం లేదన్నాడు. శైలజ ఉద్యోగం మానేసి ఇంట్లోనే చదువు చెప్పడం మొదలుపెట్టింది. బాగున్న రోజుల్లో చూడాలి ఆ తల్లీకూతుళ్ళని. చెరువు గట్టున పక్షుల్ని చూసి వాటి పేర్లు రాసుకుంటారు, రొట్టెల పిండి కొలుస్తూ లెక్కలు చేస్తారు. బాగోని రోజుల్లో మాత్రం ఇదిగో, ఒకరు బల్ల కింద, ఒకరు మిక్సీ పక్కన.

"ఇక నా వల్ల కాదమ్మా. సోమవారం మళ్ళీ బళ్ళో చేర్చేస్తాను" అంది శైలజ, ముక్కు తుడుచుకుంటూ. "దాని క్లాసు పిల్లలు ఎక్కడో ఉన్నారు. ఇది ఇంకా ఫ్రాక్షన్స్ దగ్గరే ఉంది. వెనకబడిపోతోంది. నేనే వెనక పడేస్తున్నాను."

"మళ్ళీ కడుపునొప్పి వస్తే?"

"అదే కదా" అని మళ్ళీ మిక్సీ వైపు చెయ్యి చాపింది. నేను స్విచ్ ఆపేశాను. ఇంతలో ఆఫీసు నుంచి అల్లుడు ఫోన్ చేశాడు. కరీంనగర్ వాడు, మంచివాడు, యుద్ధాలంటే భయం. "అత్తమ్మా, జర ఇయ్యాల మీరే ఉండుండ్రి. నేనొస్తే ఇద్దరూ కలిసి నా మీదనే పడ్తరు" అని చెప్పి పెట్టేశాడు. ఈ ఇంట్లో ఫోన్లు పెట్టేసే జబ్బు అందరికీ అంటుకున్నట్టుంది.

సంచీలో బఠానీ కాయలు తెచ్చాను. చలికాలం వచ్చిందంటే కచోరీలకని వీళ్ళకి నేనే తెచ్చి ఒలిచి పెడతాను. బల్ల పక్కనే నేల మీద చాప పరుచుకుని కూర్చుని, శైలజని కూడా కూర్చోమన్నాను. సలహా ఏమీ చెప్పలేదు. దానికి చెప్పేవాళ్ళు ఫోను నిండా ఉన్నారు. నేను మా అమ్మ కథ మొదలుపెట్టాను. ఎందుకంటే ఇంట్లో కూర్చుని చదువుకున్న పిల్ల మా వంశంలో రిమి మొదటిది కాదు. మొదటిదాన్ని నేను.

మేం సంత్రాగాఛి రైల్వే క్వార్టర్లలో ఉండేవాళ్ళం. నాన్న లైన్ మేస్త్రీ, అంటే పట్టాలు బాగుచేసే గ్యాంగుని పని చేయించేవాడు. నాకు రిమి అంత వయసులో మోకాళ్ళు వాచి జ్వరం పట్టుకుంది. అది గుండె దాకా పోతుందని, ఒక ఏడాది పాటు నడవకూడదు, పరిగెత్తకూడదు, బడి మాట ఎత్తకూడదని డాక్టరు చెప్పేశాడు. అందుకని చదువు ఇంటికొచ్చింది. చెప్పేది అమ్మ. ఆవిడ చదివింది ఏడో తరగతి, అది కూడా పలాసలో, తెలుగులో. నేను రాయవలసింది బెంగాలీ, ఇంగ్లీషు. ఆ రెండూ అమ్మకి రావని అప్పట్లో నాకు తెలియదు. అమ్మకి అన్నీ వచ్చనుకునేదాన్ని.

ఆ ఇల్లు తలుచుకుంటే ముందు ముక్కుకే గుర్తొస్తుంది. పొద్దున్నే పెరట్లో బొగ్గుల పొయ్యి రాజేస్తే పొగ తెల్లగా లేచి ఇంట్లోకి వచ్చి కూర్చునేది. మేం మాసీమా అని పిలిచే పక్కింటి బెంగాలీ ఆవిడ వంటింట్లోంచి ఆవనూనె ఘాటు, మా వంటింట్లోంచి చింతపండు పులుసు వాసన గోడ మీద కలుసుకుని పోట్లాడుకునేవి. నాన్న డ్యూటీ నుంచి వస్తే తారు, గ్రీజు, ఇనుము కలిసిన వాసన ఆయన కంటే ముందు గుమ్మంలోకి వచ్చేది. ఆ వాసన ఇల్లంతా కమ్ముకుంటే నాకు ధైర్యంగా ఉండేది. ఆయన కాళ్ళు కడుక్కుని, పీట వేసుకుని, టీ సాసర్లో పోసుకుని ఊదుకుంటూ తాగేవాడు. సాసర్ ఖాళీ అయ్యేదాకా ఆయనతో ఎవరూ ఏ సంగతీ మాట్లాడకూడదు. సాసర్ కింద పెట్టిన చప్పుడయ్యాక ఇంట్లో కోర్టు మొదలయ్యేది.

నేను మంచి విద్యార్థిని కాదు. మంచం మీదే తినడం, మంచం మీదే చదవడం. కిటికీలోంచి బడికి పోయే పిల్లలు కనిపించేవారు. కొన్ని రోజులు పలక అందుకోగానే ఎక్కడలేని రోషం పుట్టేది. గోడ వైపు తిరిగి పడుకునేదాన్ని. పలక తీసి విసిరేదాన్ని. అమ్మ బతిమాలేది, బెదిరించేది, ఒకరోజు తాటాకు విసనకర్ర తిరగేసి కాడతో రెండు వేసింది. నేను ఏడ్చాను. నా కంటే గట్టిగా అమ్మ ఏడ్చింది. నాన్న వచ్చేసరికి ఇద్దరం చెరో గోడ వైపూ తిరిగి ఉన్నాం. ఆయన ఏమీ అడగకుండా టీ తాగి, సాసర్ కింద పెట్టాడు.

"ఒలే, ఏటయిందే?"

"ఈ గుంట సదవదంట. నాను సెప్పలేనండీ. నా వల్ల అవదు" అంది అమ్మ.

నాన్న సాసర్ పక్కకి జరిపాడు. ఆయనకి బడి గురించి ఏమీ తెలియదు, పట్టాల గురించి తెలుసు. అందుకని తెలిసిన దాని గురించే మాట్లాడాడు.

"లైను పాడయినప్పుడు మేమేటి సేత్తాం? డ్రైవర్ని తిడతామేటి? ఇంజన్ని కొడతామేటి? బ్లాక్ తీసుకుంతాం. ఆ గంటల్లో ఆ లైను మీద ఒక్క బండీ రాదు. ఎవులూ బండేదని అడగరు. మా వోళ్ళు పనిముట్లట్టుకుని లైను మీదకి దిగుతారు, బాగు సేత్తారు. అయ్యాక బండి ఒగ్గుతారు." అని, తన సంచీలోంచి చిరిగిపోయిన పాత ఎర్ర జెండా ఒకటి తీసి, నా పలక పెట్టే గూటి పక్కన మేకుకి తగిలించాడు. "సదువు సాగని దినం ఇది తగిలించండి. అయితే ఒక మాట. బ్లాక్ అంటే సెలవు కాదు. బండ్లు ఆగుతాయి గానీ పని ఆగదు."

అలా మా ఇంట్లో బ్లాక్ అన్న ఆచారం పుట్టింది. జెండా తగిలించినవాళ్ళని ఎందుకని అడగకూడదు. ఆ రోజు పుస్తకం ముట్టుకోకూడదు, కానీ చేతులు ఖాళీగా ఉంచకూడదు. బియ్యంలో రాళ్ళు ఏరాలి, దూది తీసి వత్తులు చెయ్యాలి, లాంతరు గాజు ముగ్గుతో తుడవాలి, అమ్మ బొంతకని పాత చీరలు కత్తిరిస్తుంటే అంచు పట్టుకోవాలి. చిత్రమేమిటంటే, చేతులు పనిలో పడ్డాక నోరు దానంతటదే తెరుచుకునేది. ఎవరూ అడగని కారణం నేనే చెప్పేసేదాన్ని. మోకాలు నొప్పిగా ఉందనో, రాత్రి పీడకల వచ్చిందనో, ఏమీ లేదు ఊరికే ఏడుపొస్తోందనో. అమ్మ "ఊఁ" అనేది, ఇంకో పిడికెడు బియ్యం చేట ముందుకి తోసేది.

మర్నాటికి ఇంకో నియమం ఉండేది. బాగుచేసిన లైను మీద మొదటి బండిని వేగంగా పోనివ్వరట, నడిచే మనిషిలాగా మెల్లగా పోనిస్తారట. అందుకని బ్లాక్ మర్నాడు అమ్మ కొత్త పాఠం చెప్పేది కాదు. నిద్రలో లేపినా చెప్పగల రెండో ఎక్కం చెప్పించేది. నేను ఠపఠపా అప్పజెప్పి, నాకెంత వచ్చో అని నేనే మురిసిపోయేదాన్ని. ఆ మురిపెం మీద మూడో రోజుకి కష్టమైన పాఠం కూడా లోపలికి దిగేది. ఈ కిటుకు ఈమధ్య ఎవరో పెద్ద డిగ్రీలున్నావిడ వీడియోలో గంటసేపు చెబితే విన్నాను. మా నాన్న సాసర్ టీ ఆరేంతసేపట్లో చెప్పాడు.

నేను మాత్రం తక్కువ తిన్నానా? జెండా నా చేతికి అందే ఎత్తులో ఉండేసరికి సోమవారం సోమవారం బ్లాక్ తీసుకోవడం మొదలుపెట్టాను. అమ్మ కోర్టులో పెట్టింది. నాన్న నన్ను తిట్టలేదు. "ఒకే సోట మాటిమాటికీ లైను కుంగితే పైన కంకర పోసి లాబం లేదు. కింద మట్టి సూడాల" అన్నాడు. అమ్మ చూసింది. మాసీమా కూతురు బులా ప్రతి ఆదివారం సాయంత్రం నా మంచం మీద కూర్చుని బడి కబుర్లు చెప్పేది. ఎవరు ఎవరితో కచ్చి కొట్టారు, ఆటల్లో ఎవరు పడ్డారు, కొత్త దీదీమణి, అంటే టీచరమ్మ, చీర ఏ రంగు. ఆ కబుర్లు విన్న మర్నాడే నాకు ఏడుపు. ఇంకొకరైతే బులాని రావద్దనేవారు. అమ్మ ఆదివారంతో పాటు బుధవారం కూడా రమ్మని, నన్నూ ఇంకో ఇద్దరు పిల్లల్నీ కూర్చోబెట్టి, బులాని దీదీమణిని చేసింది. కంచం మీద గరిటెతో గంట కొట్టేవాళ్ళం. బులా మమ్మల్ని ఎంత దారుణంగా తిట్టేదంటే, బడి మీద నా బెంగ చాలావరకు అక్కడే తీరిపోయింది.

ఇదంతా బాగానే ఉంది గానీ, అసలు గండం వేరే ఉంది. జ్వరం తగ్గాక నేను బళ్ళో ప్రవేశ పరీక్ష రాయాలి. పాసైతే నా ఈడు పిల్లలతో ఐదో తరగతి. పలాసలో జీడిపప్పు వ్యాపారం చేసే మా పెదనాన్న అప్పటికే ఒక నిర్ణయం చేసేశాడు. ఆయన చెడ్డవాడు కాదు. వచ్చినప్పుడల్లా ఇంటికి జీడిపప్పు మూట, నాకు గాజులు తెచ్చేవాడు. కానీ ఆయన మాటకి నాన్న ఎప్పుడూ ఎదురు చెప్పలేదు. "ఈ బెంగాలీ ఊర్లో, ఏడో తరగతి తల్లి కాడ, ఈ గుంటకి సదువెలాగొత్తాదిరా? పరీచ్చ తప్పితే మాతో అంపీ. మా ఇంటి కాడ సదూకుంటాది" అన్నాడు. నాన్న తల ఊపాడు. వంటింట్లో అమ్మ చేతిలో గరిటె కిందపడింది. నాకు ఆ చప్పుడు తప్ప మిగతాదేదీ అర్థం కాలేదు.

పరీక్ష దగ్గరపడ్డాక ఒకరోజు పొద్దున్న లేచేసరికి జెండా తగిలించి ఉంది. నేను తగిలించలేదు. నాన్న డ్యూటీ దిగి వచ్చి జెండా చూశాడు, పెరటి మెట్ల మీద జుట్టు విరబోసుకుని అటు తిరిగి కూర్చున్న అమ్మని చూశాడు, ఒక్క మాట అడగకుండా పొయ్యి రాజేశాడు. ఆ రోజు నాన్న వండిన పప్పు గురించి నేను ఇక్కడ రాయను, ఆయన పోయిన మనిషి. పిల్లలు అలగొచ్చు గానీ అమ్మ అలిగితే పాఠం ఎవరు చెబుతారు? ఎందుకని అడగకూడదు కదా. పని మాత్రం చెయ్యాలి. అందుకని దువ్వెన తీసుకెళ్ళి అమ్మ వెనక మెట్టు మీద కూర్చుని తల దువ్వడం మొదలుపెట్టాను. చిక్కులు తీస్తూ తీస్తూ ఉంటే చాలాసేపటికి అమ్మ నోరు విప్పింది.

"నాకు బయమేత్తందే" అంది. "నీకు సెప్పే ఆ బెంగాలీ పాటాలు నాకేటొచ్చు? ముందు దినం మాసీమా కాడ కూకుని నేర్సుకుని, తెల్లారి నీకు సెప్తన్నాను. నాను తప్పు నేర్సుకుంతే నువ్వూ తప్పే నేర్సుకుంతావు. నువ్వు పరీచ్చ తప్పితే నిన్నట్టుకుపోతారు. ఆళ్ళు అట్టుకుపోయేది నా వల్లే."

పెద్దవాళ్ళకి భయం వేస్తుందని నాకు తెలిసింది ఆ మెట్ల మీదే. దువ్వెన అక్కడ పడేసి, వెనకనుంచి అమ్మ మెడ చుట్టూ చేతులు వేశాను, ఇద్దరం కాసేపు ఏడ్చాం. తర్వాత అమ్మ లేచి, నాన్న పప్పు రుచి చూసి, ఆ ఏడుపులోనే నవ్వడం మొదలుపెట్టింది. మర్నాడు రెండో ఎక్కం అమ్మ చెప్పింది, నేను విన్నాను.

ఇక్కడిదాకా చెప్పి నేను ఆగాను. బల్ల కింద నుంచి ఒక చిన్న చెయ్యి ఎప్పటినుంచో మెల్లగా వచ్చి గిన్నెలో బఠానీలు ఎత్తుకుపోతోంది. నేను చూడనట్టు ఊరుకున్నాను. చాప మీద శైలజ ఫోను ఊరికే వెలిగి ఆరిపోతోంది. ఇంట్లో చదువు చెప్పే తల్లుల గ్రూపట. ఎవరి కొడుకో ఇంట్లో అగ్నిపర్వతం చేశాడు, ఎవరి కూతురో అప్పుడే రెండు తరగతులు ముందు ఉంది. ఆ ఇళ్ళలో కూడా ఖాళీ మిక్సీలు తిరుగుతూనే ఉంటాయి, వాటి ఫొటోలు మాత్రం ఎవరూ పెట్టరు. ఆ రోజులే బాగుండేవని నేననను. విసనకర్ర కాడ వాత నాకింకా గుర్తుంది. శైలజ పిల్ల మీద ఎప్పుడూ చెయ్యి ఎత్తదు, ఆ దెబ్బలన్నీ తనకే వేసుకుంటుంది. ఏది నయమో నాకు తెలియదు.

"మరి పాసయ్యావా?" అంది శైలజ.

"తప్పాను."

దాని చేతిలో కాయ ఆగిపోయింది. "తప్పావా? నాకెప్పుడూ చెప్పలేదే!"

"నువ్వెప్పుడూ అడగలేదు. నేను రాసిన పుస్తకాల వెనక అట్ట మీద కూడా ఆ సంగతి వెయ్యలేదు పబ్లిషర్లు."

"మరి పలాస?"

పెదనాన్న రానే వచ్చాడు. నా బట్టలు సర్దమన్నాడు. నాన్న సాసర్లోకి చూస్తూ కూర్చున్నాడు, టీ ఎప్పుడో అయిపోయినా తల ఎత్తలేదు. అమ్మ బావగారి ముందుకి ఎప్పుడూ వచ్చేది కాదు, తలుపు చాటునుంచే మాట్లాడేది. ఆ రోజు కొంగు బిగించి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "బావగారూ, గుంట పరీచ్చ తప్పింది. అయితే ఏటి? నాలుగులోనే కూకుంటాది. పై ఏడు అయిదుకెల్తాది. నా గుంట నా కాడే ఉంటాది" అంది. "నీకేటొచ్చమ్మా సదువు?" అన్నాడాయన. "రానిది నేర్సుకుంతాను" అంది అమ్మ. గుమ్మంలోంచి కదల్లేదు. పెదనాన్న అమ్మ ముఖం చూసి, జీడిపప్పు మూట గుమ్మం దగ్గర పెట్టేసి, భోజనానికి కూర్చున్నాడు. ఏడాదంతా అమ్మ భయపడిన ఆ ఘోరం, నేను పరీక్ష తప్పడం, జరగనే జరిగింది, జరిగాక మేమందరం కలిసి అన్నం తిన్నాం.

"దిదా, చిన్నపిల్లల క్లాసులో కూర్చుంటే నవ్వారా?" అంది బల్ల కింది గొంతు.

"నవ్వారే. అందరికంటే పొడుగ్గా, చివరి బెంచీలో కూర్చునేదాన్ని. వారం నవ్వారు. తర్వాత వాళ్ళకే విసుగేసింది."

"అంతేనా?" అంది రిమి. "మరి అమ్మ ఎందుకు ఏడుస్తోంది?"

అడిగింది నన్ను కాదు. శైలజ ఒడిలో తొక్కలు దులుపుకుని, కుర్చీ పక్కకి లాగి, అంత పెద్ద మనిషీ వంగి మోకాళ్ళ మీద బల్ల కిందికి దూరింది. తల బల్లకి తగిలి టక్కుమంది.

"భయమేసింది రిమీ" అంది. "నీకు ఫ్రాక్షన్స్ రాకపోతే నన్ను తిడతారని."

"ఎవరు తిడతారు?"

శైలజ చెప్పబోయింది. నోరు తెరిచి, ఎవరి పేరు చెప్పాలో వెతుక్కుంది. మొగుడు తిట్టడు. నేను తిట్టను. గ్రూపులో ఆడవాళ్ళ ముఖాలు కూడా దానికి సరిగ్గా తెలియవు. మా అమ్మకైతే గుమ్మంలో నిలబడి ఎదిరించడానికి ఒక పెదనాన్న ఉన్నాడు. నా కూతురు వెతికి వెతికి, ఒక్కరూ దొరక్క, అక్కడే కూర్చుని నవ్వడం మొదలుపెట్టింది. రిమి కొంచెం పక్కకి జరిగి వాళ్ళమ్మకి చోటిచ్చింది.